దేవ్ బయటికి వచ్చేదాకా

ఇంకా రాలేదు. ఆ తెల్ల ట్రైలర్ తలుపు రెండుసార్లు తెరుచుకుంది, రెండుసార్లూ దేవ్ కాదు, ఒకసారి ఎర్ర జెర్సీ వేసుకున్న ఎవరో కుర్రాడు, ఇంకోసారి మెడలో కార్డు తగిలించుకున్న ఒకావిడ, ఎండ ఎంతుందో చూసుకోవడానికి అన్నట్టు తొంగిచూసి మళ్ళీ లోపలికి వెళ్ళిపోయింది. రాజగోపాల్ మాత్రం ఇనప కంచె పట్టుకుని నిలబడ్డవాడు నిలబడ్డట్టే ఉన్నాడు. కొండ మీద సైకిల్ రేసు గెలిచినవాడు మందుల పరీక్షకి సీసాలో మూత్రం పోసి ఇచ్చేదాకా ఎక్కడికీ కదలడానికి వీల్లేదు, అది రూలు, దేవ్ పోడియం మీద పూలగుత్తి ఎత్తి చూపించి కిందికి దిగాడో లేదో పరీక్షవాళ్ళ తరఫున ఒకమ్మాయి వాడి భుజం పక్కనే, అడుగు ఎడం కూడా లేకుండా, నవ్వుతూనే, నడిపించుకుని తీసుకెళ్ళిపోయింది, వాడు తండ్రి వైపు ఒక్కసారి చూసి చెయ్యి ఊపి, హోటల్‌కి వెళ్ళిపో అన్నట్టు సైగ చేశాడు. ఎలా వెళ్తాడు. అయిదు గంటలు ఎండలో తొక్కినవాడి ఒంట్లో నీళ్ళెక్కడివి, శరీరం ఉన్న కాస్త నీటినీ పిసినారిలా పట్టుకుని కూర్చుంటుంది, వదలదు, ఆ సంగతి తనకన్నా బాగా ఎవరికి తెలుసు, నలభై ఏళ్ళ పాటు పొద్దున్నే వార్డులోకి వెళ్ళి తను అడిగిన మొదటి ప్రశ్న అదేగా, ఎంత వచ్చింది ఇవాళ, అని. కిడ్నీ డాక్టరు కొడుకు మూత్రం కోసం ఊరంతా ఎదురుచూస్తోంది, భార్య నళినికి చెబితే నవ్వుతుంది, తనకి మాత్రం నవ్వు రావడం లేదు.

ఊపిరి ఆడటం లేదు సరిగ్గా. కొలరాడో కొండల్లో ఈ స్కీ ఊరు ఎంత ఎత్తో దారిలో బోర్డు మీద చూశాడు, చూసి ఉండకపోతే బాగుండేది, తూర్పు తీరాన పార్సిప్పనీలో సముద్రానికి ఒక మెట్టు పైన బతికే మనిషికి ఇక్కడ నాలుగడుగులు వేస్తే గుండె గొంతులోకి వస్తోంది. గాలిలో ప్రాణవాయువు తక్కువైతే రక్తం పెంచమని చెప్పేది కిడ్నీ, ఊపిరితిత్తులు కాదు, ఈ సంగతి చెబితే పార్టీల్లో స్నేహితులు నమ్మేవాళ్ళు కాదు, కిడ్నీ పసిగట్టి ఒక చిన్న పదార్థం పంపిస్తుంది, ఎముకల్లో మూలుగ మేలుకుని ఎర్ర కణాలు తయారుచేస్తుంది, అంటే ఈ క్షణంలో తన రెండు ముసలి కిడ్నీలూ అదే పని చేస్తున్నాయి, ఈపీవో, దొంగచాటుగా ఎక్కించుకుని గెలిచేవాళ్ళ వల్ల ఆ మాట ఈ సైకిళ్ళ లోకంలో బూతుమాట, తన లోకంలో దేవుడి మాట. ఎనభై తొమ్మిదిలో అది మందుగా వచ్చింది. అంతకుముందు డయాలిసిస్ మనుషులంటే పాలిపోయిన ముఖాలు, కుర్చీలోంచి లేవాలంటే ఇద్దరి సాయం, నెలకోసారి ఎవరిదో రక్తం ఎక్కించాలి. వీరభద్రం గుర్తొచ్చాడు, బ్రిడ్జిలు కట్టే ఇంజనీరు, పద్యాలు బాగా పాడేవాడు, జబ్బు ముదిరాక నోట పద్యం రాలేదు, మొదటి పాదం సగంలోనే దమ్ము అయిపోయేది. ఆ సూది మొదలుపెట్టిన కొన్ని వారాలకి తెలుగు సంఘం వాళ్ళ ఉగాదికి స్కూలు ఆడిటోరియంలో స్టేజి ఎక్కి, మైకు పక్కకి నెట్టి, చివరి పాదం రాగం ఎంత పొడుగు తీశాడంటే పిల్లలు కూడా చిప్స్ తినడం ఆపి చూశారు. దిగి వచ్చి తన చేతులు పట్టుకుని, "డాక్టరుగారూ, ఈ ఊపిరి మీది," అన్నాడు. అప్పుడు దేవ్‌కి ఎన్నేళ్ళు, చిన్నవాడు, నళిని ఒళ్ళో నిద్రపోతున్నాడు. ఈ ఊపిరి మీది. ఇప్పుడు అదే మాట ఎవడైనా దేవ్‌ని చూపించి తనతో అంటే?

ఆ ఆలోచన రాగానే మెడ తిప్పేసుకున్నాడు, ఎవరో విన్నట్టు. కొండమీద పెట్టిన పెద్ద తెర మీద ఇందాకటి దృశ్యం మళ్ళీ వేస్తున్నారు. చివరి మలుపులు, యూరప్ నుంచి వచ్చిన ఇద్దరు మొనగాళ్ళు, వాళ్ళ మధ్యన దేవ్, నల్లటి సన్నటి కాళ్ళు, నళిని పుట్టింటివాళ్ళ కాళ్ళు. పక్కవాళ్ళిద్దరి నోళ్ళూ తెరుచుకుని ఉన్నాయి, నీళ్ళలోంచి తీసి గట్టున పడేసిన చేపల్లా, దేవ్ నోరు మాత్రం మూసుకుని ఉంది. నోరు మూసుకుని లేచి నిలబడి తొక్కాడు, వాళ్ళు వెనకబడ్డారు, అంతే, ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు. జనం అరిచారు, తనూ అరిచాడు, అరవై ఆరేళ్ళ మనిషి ముక్కూ మొహం తెలియనివాడి భుజం పట్టుకుని గెంతాడు, ఆ గెంతు నేలకి దిగేలోపే లోపలినుంచి ఎవరో అడిగారు, ఎలా? కిందటేడు ఇదే కొండ మీద ఎక్కడో వెనకాల, లెక్కలోకి రానివాళ్ళతో, వేలాడుతూ వచ్చినవాడు, ఈ ఏడు నోరు మూసుకుని ఎలా? ఆ అడిగింది ఇంటర్నెట్‌లో రాసే పనిలేనివాళ్ళు కాదు, వాళ్ళు కూడా ఈపాటికి అడిగే ఉంటారు, కాళ్ళ బలం ఎన్ని వాట్లు, ఒళ్ళు ఎంత బరువు, లెక్కలు కట్టి, మనిషికి సాధ్యమా అని, జనవరిలో ఆ పెద్ద ఛాంపియన్ టీవీలో కూర్చుని అవును అన్ని గెలుపులూ మందుతోనే అని ఒప్పుకున్నాక ఈ దేశంలో సైకిల్ తొక్కి గెలిచిన ప్రతివాడినీ అడుగుతున్నారు. కానీ అది తన గొంతే. కొడుకు గెలిచిన నిమిషంలో. ఏ తండ్రికైనా అలా వస్తుందా, లేక అనుమానం తన వృత్తిజబ్బా, రోగి ఉప్పు తినలేదండీ అంటే ముందు కాళ్ళ వాపు చూసేవాడికి నమ్మకం ఎక్కడినుంచి వస్తుంది.

మార్చిలో ఆ ఫోన్ రాకుండా ఉంటే. ఆదివారం, తను కారు కడుగుతున్నాడు, దేవ్ ఈ కొండల్లోనే ఎక్కడో అద్దె ఇంట్లో ఉంటూ ప్రాక్టీసు చేస్తున్నాడు, ఫోన్ చేసి మామూలుగా, తిన్నావా అన్నంత మామూలుగా, "నాన్నా, ఐరన్ తక్కువ ఉంటే ఏం చేస్తారు? ఐవీ ఇస్తారా మీరు?" అన్నాడు. చేతిలో పైపులోంచి నీళ్ళు అలాగే పోతున్నాయి. "మాత్రలు వేసుకో, ఆరెంజ్ జ్యూస్‌తో," అని చెప్పి పెట్టేశాడు, పెట్టేశాక కారు మీద నీళ్ళు ఆరి మచ్చలు కట్టేదాకా అక్కడే నిలబడ్డాడు. ఎత్తైన చోట ఉంటే ఐరన్ తగ్గుతుంది, ఒంట్లో కణాలు పెరుగుతాయి కనక ఖర్చవుతుంది, సహజమే, పుస్తకంలో ఉంది. కానీ ఆ సూది వేయించుకున్నవాడికి కూడా తగ్గుతుంది, మరీ తగ్గుతుంది, తను డయాలిసిస్ మనుషులకి ఆ రెండూ జంటగా ఇస్తాడు, ఒకటి లేకుండా ఇంకోటి పనిచేయదు. మర్నాడు డయాలిసిస్ సెంటర్‌కి వెళ్ళాడు, రిటైరైనా వారానికి రెండు రోజులు వెళ్తూనే ఉన్నాడు కదా, అందరూ లంచ్‌కి పోయాక మందుల ఫ్రిజ్ తెరిచాడు. క్రిస్మస్‌కి దేవ్ వచ్చినప్పుడు ఒకరోజు తనని తీసుకెళ్ళడానికి ఇక్కడికి వచ్చాడు, ఈ గదిలోనే కూర్చున్నాడు, తను ఒక పేషెంటు దగ్గర ఆలస్యం చేశాడు, ఆ మధ్యలో... డబ్బాలు ఒక్కొక్కటీ జరిపి చూశాడు. చల్లటి గాలి మొహానికి కొడుతోంది. అన్నీ ఉండవలసినట్టే ఉన్నాయి. నర్సు కనకదుర్గ వెనకనుంచి వచ్చి, "ఏం కావాలి సార్, నేను తీస్తాగా?" అంటే ఉలిక్కిపడి, "టెంపరేచర్ చూస్తున్నాను," అన్నాడు. ఆ అమ్మాయి తలుపు మీద ఎర్ర అంకెల్లో కనిపించే టెంపరేచర్ చూడటానికి డబ్బాలెందుకు జరుపుతున్నాడో అడగలేదు. అన్నీ ఉన్నాయని తేలాక ప్రాణం కుదుటపడాలి కదా. పడలేదు. లోకంలో ఇంకెన్ని ఫ్రిజ్‌లు లేవు.

"సార్, కాస్త జరుగుతారా?" ఇంగ్లిషులో ఎవరో. చూస్తే ఒక సూది. నిలువెత్తు సిరంజి, తెల్ల అట్టతో చేసిన గొట్టంలోంచి మొహం, చేతులు బయటికి పెట్టుకున్న ఒక మనిషి, గడ్డం, తల మీద వెండి రంగు కాగితం చుట్టిన మొన, ఒక చేతిలో ఐస్‌క్రీం కోను కారిపోతోంది. కంచె పక్కన నీడలో నిలబడటానికి చోటు కావాలట. రాజగోపాల్ జరిగాడు. రేసు దారిలో ఇలాంటి వేషగాళ్ళు ఉంటారని దేవ్ చెప్పాడు, ఆవు వేషం వేసేవాళ్ళు, పెళ్ళికూతురు గౌను వేసుకుని పక్కన పరిగెత్తేవాళ్ళు, ఈ సూది సంగతి చెప్పలేదు. ఆ మనిషి రాజగోపాల్ రంగూ, మెడలో వేలాడుతున్న కుటుంబసభ్యుల పాసూ చూసి, "మీరు వాళ్ళ నాన్నగారా? గెలిచినతని?" అన్నాడు. అవునన్నాడు. ఆ మనిషి మొహం అట్టగొట్టంలో ఎర్రబడింది. "నేను ప్రతి ఏడూ వేస్తానండీ ఈ వేషం, మీ అబ్బాయి గురించి కాదు, నిజంగా." "తెలుసు," అన్నాడు రాజగోపాల్. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, తడుముకుంటున్నది ఎవరు, దేవ్ కాదు, తను. ఆ మనిషి కాసేపు నిలబడి, చెయ్యి అట్టకి తుడుచుకుని ముందుకి చాపి, "భలే తొక్కాడు సార్," అని, గొట్టం ఎవరికీ తగలకుండా జనంలోకి పక్కవాటుగా వెళ్ళిపోయాడు.

తలుపు తెరుచుకోలేదు. లోపల ఏం చేస్తుంటారు ఇంతసేపు, నీళ్ళు తాగిస్తారు, కూర్చోబెడతారు, ఎదురుగా ఒకడు కళ్ళార్పకుండా చూస్తుండగా పోయాలి, ఎవరికైనా వస్తుందా. అలాంటి గదే అయి ఉంటుంది జనవరిలో, అరిజోనాలో టీమ్ ప్రాక్టీసు క్యాంపు హోటల్లో, కొత్త స్పాన్సర్ తెచ్చిన లాయరు ఒక్కొక్కళ్ళనీ పిలిచి కూర్చోబెట్టిన గది. జీరో టాలరెన్స్ అన్నారు. ఎప్పుడైనా, ఎక్కడైనా, ఒక్కసారైనా మందు ముట్టినవాడు ఈ టీమ్‌లో ఉండకూడదు, తొక్కేవాడైనా, సైకిళ్ళు తుడిచేవాడైనా. అందరూ లేదన్నారు. టాడ్ ఒక్కడు అవునన్నాడు. టాడ్ అంటే టీమ్ కారులో వెనకాలే వస్తూ రేడియోలో దేవ్‌కి దారి చెప్పే డైరెక్టరు, కాలేజీ మానేసి సైకిలే వృత్తి అన్న దేవ్‌ని ఎవరూ పట్టించుకోని రోజుల్లో చేరదీసినవాడు, కుర్రతనంలో యూరప్‌లో తొక్కినప్పుడు రెండేళ్ళు తీసుకున్నాడట, ఆ సాయంత్రమే పెట్టె సర్దుకోమన్నారు. అదే యూరప్‌లో అతనితో కలిసి తొక్కిన ఇంకో ఇద్దరు లేదన్నవాళ్ళు, ఇప్పటికీ అదే కారులో కూర్చుని ఉన్నారు. టాడ్‌తో ఎవరూ మాట్లాడకూడదని కూడా చెప్పారు, ఫోను, మెసేజీ, ఏదీ. ఆ రాత్రి దేవ్ ఫోన్ చేసి ఏడ్చాడు, పెద్దయ్యాక వాడు ఏడవడం తను వినలేదు. "నిజం చెప్పినవాణ్ణి పంపేశారు నాన్నా, అబద్ధం చెప్పినవాళ్ళు ఉన్నారు, ఇదేం రూల్?" తనేమన్నాడు? "తప్పు చేశాడు కదా, పోవాలి మరి." ఫోన్ కట్. తప్పేమన్నాడు తను, పేషెంటుకి తప్పు మందిచ్చిన డాక్టరు తర్వాత ఒప్పుకుంటే లైసెన్సు ఉంచుతారా, ఉంచరు, అప్పుడు అదే అనుకున్నాడు. తర్వాత ఇంకోటి అనుకున్నాడు, అదే ముల్లు, ఇప్పటికీ తీయలేనిది, ఒక మందు తీసుకున్నవాడి కోసం వాడు అంతలా ఎందుకేడ్చాడు?

జేబులో ఫోన్ మోగింది. నళిని. "ఏమండీ, కంప్యూటర్‌లో వస్తే చూశాను, పక్కింటి జయంతి వాళ్ళు కూడా ఫోన్ చేశారు, వాడేం తిన్నాడు?" "ఇంకా లోపలే ఉన్నాడు. టెస్టుకి." "అంతసేపా? నీళ్ళు తాగమనండి." "తాగిస్తారులే." ఆమె ఆగింది. ముప్ఫై అయిదేళ్ళ కాపురంలో ఆమె ఆగడంలో రకాలు తెలుసు తనకి. "మీరు ఏదో మింగుతున్నారు," అంది. చుట్టూ చూసుకుని, తెలుగు ఎవరికీ రాదని తెలిసినా గొంతు తగ్గించి, "నళినీ, వాడు... నీకెప్పుడైనా అనిపించిందా?" అన్నాడు. "ఏంటి, మందా? నేను అడిగేశానుగా, మార్చిలో. మీరు కారు కడిగి వచ్చి మొహం అలా పెట్టుకుంటే వాడికే ఫోన్ చేశాను. ఏరా, ఏమైనా తీసుకుంటున్నావా అన్నాను. లేదమ్మా అన్నాడు. సరే అన్నాను." "నాకు చెప్పలేదే?" "మీరు నన్ను అడగలేదు కదా." అంత తేలికా? ఉప్పు సరిపోయిందా అని అడిగినట్టు అడిగేసి, లేదంటే సరే అనేసి, ఆ రాత్రి హాయిగా నిద్రపోయి ఉంటుంది, తను పక్కనే దొర్లుతుంటే. ఆమెకి లేదు అనే మాట చాలింది. తనకి చాలదు, మాట చాలదు, టెస్టు చాలదు, ఇవాళ ఈ సీసాలో ఏమీ దొరకకపోయినా అది ఏమీ లేదని రుజువు కాదు, దొరకకుండా తీసుకునే దారులు ఎన్నో తనే లెక్చరు ఇవ్వగలడు. మరి ఏది చాలుతుంది నీకు రాజగోపాల్, ఏదీ చాలదేమో. అదే భయంగా ఉంది. "వాడు వస్తే అన్నం పెట్టించండి ముందు," అని నళిని పెట్టేసింది.

అప్పుడు తలుపు తెరుచుకుంది, దేవ్. టోపీ వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు, పెదాలు పగిలి ఉప్పు కట్టి ఉన్నాయి, మెట్లు దిగడానికి కమ్మీ పట్టుకున్నాడు. కొండ ఎక్కినవాడు మూడు మెట్లు దిగలేకపోతున్నాడు. "నాన్నా, నువ్వు ఇక్కడే ఉన్నావా? వెళ్ళమన్నా కదా. మూడు బాటిల్స్ తాగా, రాలేదు. ఆ గై పాపం జోక్స్ చెప్తున్నాడు." నవ్వుతున్నాడు. దగ్గరికి వచ్చాక చెమట వాసన, చిన్నప్పుడు స్విమ్మింగ్ నుంచి తెచ్చినప్పటి క్లోరిన్ వాసన కాదు, మగవాడి చెమట. రాజగోపాల్ వాడి మణికట్టు పట్టుకున్నాడు, నాడి చూసినట్టు, నిజంగా చూస్తున్నాడేమో కూడా. అన్నం పెట్టించమంది నళిని. నోట్లోంచి వచ్చింది మాత్రం అది కాదు. "దేవ్. ఏమైనా తీసుకున్నావా?"

దేవ్ నవ్వు ఆగిపోయింది. కోపం వస్తుందనుకున్నాడు, రాలేదు, వాడు కంచెకి ఆనుకున్నాడు. "లేదు," అన్నాడు. తర్వాత, "ఫైనల్లీ అడిగావ్. అమ్మ అడిగింది, లాయర్ అడిగాడు, ట్విట్టర్‌లో అందరూ అడిగారు. నువ్వు అడగలేదు. అడగకుండా చూస్తావ్, అది బాలేదు నాన్నా." "ఆ ఐరన్ ఫోను..." అన్నాడు రాజగోపాల్. "ఐరన్ తక్కువ ఉంది, నువ్వు డాక్టర్, నిన్ను అడిగా. ఎవర్ని అడుగుతా?" దేవ్ మొహం తుడుచుకున్నాడు. "నీకు చెప్పలేదు, హర్ట్ అవుతావ్ అని. జాన్యువరీలో లాయర్ నీ గురించి కూడా అడిగాడు. మీ డాడ్ కిడ్నీ డాక్టర్, ఆయన దగ్గర ఆ డ్రగ్ ఉంటుంది కదా, ఎప్పుడైనా ఇచ్చాడా అని. నేను నవ్వా. మా నాన్న నాకు దగ్గు మందు కూడా చెస్ట్ వినకుండా ఇవ్వడు అని చెప్పా. రాసుకున్నాడు." వాళ్ళు తనని అనుమానించారు. ఆ గదిలో, పరాయి మనుషుల ముందు, వాడు ఒక్క క్షణం ఆలోచించకుండా తన తరఫున జవాబు చెప్పాడు, తనని అడగాలన్న ఆలోచన కూడా వాడికి రాలేదు, ఆ తర్వాత రెండు నెలలకి అదే తండ్రికి ఫోన్ చేసి ఐరన్ గురించి అడిగాడు, ఆ తండ్రి వెళ్ళి ఫ్రిజ్ తెరిచాడు. చెప్పాలా? చెబితే ఎవరి బరువు దిగుతుంది, తనదే, వాడి మీదికి. ఇవాళ కాదు. వాడి మణికట్టు ఇంకా తన చేతిలోనే ఉంది, వదల్లేదు.

దేవ్ తల ఎత్తి జనం అవతలికి చూస్తున్నాడు. స్కీ లిఫ్టు కింద, ఎండకి రంగు వెలిసిన నీలం చొక్కాలో ఒక మనిషి, చేతులు జేబుల్లో పెట్టుకుని, రావాలా వద్దా అన్నట్టు నిలబడి ఉన్నాడు. "టాడ్," అన్నాడు దేవ్. "చివరి టర్న్ దగ్గర ఉన్నాడు, మౌత్ క్లోజ్, ముక్కుతో పీల్చు అని అరిచాడు. లాస్ట్ ఇయర్ అంతా అదే చెప్పేవాడు నాకు." నోరు మూసుకుని. రాజగోపాల్ కళ్ళు మూసుకుని తెరిచాడు. "వెళ్ళి కలుస్తా," అన్నాడు దేవ్. "మేనేజర్ బస్ దగ్గరే ఉన్నాడు. చూస్తే నెక్స్ట్ ఇయర్ కాంట్రాక్ట్ ఉండదేమో. నువ్వు హోటల్‌కి వెళ్ళు." రూలు రూలే అనే మనిషి లోపల లేచి నిలబడ్డాడు, తప్పు చేసినవాడు పోవాలి అన్నవాడు, ఈ ఒక్కరోజు గెలుపు పాడుచేసుకోకురా అనబోయాడు, నాలిక చివరిదాకా వచ్చింది. "పద," అన్నాడు.

ఇద్దరూ నడిచారు. ఒకరికి కాళ్ళు లేవు, ఒకరికి ఊపిరి లేదు. టాడ్ వీళ్ళని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు, దేవ్‌కి మంచిది కాదన్నట్టు చెయ్యి అడ్డంగా ఊపాడు, దేవ్ ఆగకుండా వెళ్ళి కౌగిలించుకున్నాడు, చాలాసేపు వదల్లేదు. తర్వాత టాడ్ రాజగోపాల్ వైపు తిరిగి, టోపీ తీసి, "డాక్టర్," అన్నాడు, తిట్లు తినడానికి సిద్ధపడ్డ మనిషిలా. దగ్గరగా చూస్తే నలభై కూడా ఉండవు, కళ్ళ చుట్టూ మాత్రం ముడతలు. ఎన్నో అడగాలనుకుని ఒకటే అడిగాడు, అందరూ లేదన్నప్పుడు మీరెందుకు అవునన్నారు, అని. టాడ్ ఆలోచించాడు. "అలిసిపోయాను డాక్టర్," అన్నాడు, అంతకన్నా ఏమీ లేదు. రాజగోపాల్ చెయ్యి చాపాడు, ఎందుకు చాపాడో తనకే తెలియలేదు, క్షమించాడని కాదు, నమ్మకం కుదిరిందని కూడా కాదు, లోపల ఆ ప్రశ్న ఇంకా తిరుగుతూనే ఉంది, రేపు విమానంలో తిరుగుతుంది, పక్కమీద తిరుగుతుంది, పోదు. టాడ్ చెయ్యి గరుకుగా ఉంది. వెనకాల బస్సు తలుపు తెరుచుకున్న చప్పుడు, మేనేజరు గొంతు, "దేవ్!" అని, మళ్ళీ ఇంకాస్త కటువుగా, "దేవ్, ఇప్పుడే, ఇక్కడికి!" జనంలో కొందరు తిరిగి చూశారు, దేవ్ భుజాలు బిగుసుకున్నాయి కానీ తిరగలేదు. రాజగోపాల్ తిరిగాడు. ఛాతీలో ఉన్న కాస్త గాలినీ కూడదీసుకుని, వార్డులో ఆ చివరి మంచానికి వినపడేలా అరిచే గొంతుతో, ఇంగ్లిషులో, "మా వాడు మాట్లాడుతున్నాడు. అయ్యాక వస్తాడు," అన్నాడు, అని, కొడుక్కీ ఆ బస్సుకీ మధ్యకి ఒక అడుగు జరిగి నిలబడ్డాడు.